వినికిడి మందగిస్తే మతికీ ముప్పు
పెద్దల చెవుడును వయసు ఖాతాలో వేసి వదిలేయరాదు

చూపు మసకబారితే పెద్దలను వెంటనే కంటి వైద్య శిబిరానికి తీసుకువెళ్లే కుటుంబాలు సైతం వినికిడి విషయంలో అశ్రద్ధ చేస్తుంటాయి. వయసు మీద పడింది, చెవులు వినబడకపోవడం మామూలేనని సరిపెట్టుకుంటాయి. అయితే వినికిడి లోపానికి, వృద్ధాప్యంలో వచ్చే డిమెన్షియాకు సంబంధం ఉన్నదని గత పదిహేనేళ్లుగా వెలువడుతున్న పరిశోధనలు చెబుతున్నాయి.

డిమెన్షియా అంటే కేవలం మతిమరుపు కాదు. జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, నిర్ణయం తీసుకునే శక్తి క్రమంగా క్షీణించి, రోజువారీ పనులు సైతం సొంతంగా చేసుకోలేని స్థితి. ఇందులో అత్యధికంగా కనిపించేది అల్జీమర్స్. మన దేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో బాధపడుతున్నట్లు 2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది.

పరిశోధనలు ఏమంటున్నాయి?

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ ఫ్రాంక్ లిన్ బృందం 639 మందిని సగటున 12 ఏళ్లపాటు పరిశీలించి 2011లో ఫలితాలను ప్రకటించింది. వినికిడి సక్రమంగా ఉన్నవారితో పోలిస్తే స్వల్ప లోపం ఉన్నవారికి డిమెన్షియా ముప్పు సుమారు రెండు రెట్లు, మధ్యస్థ లోపం ఉన్నవారికి మూడు రెట్లు, తీవ్ర లోపం ఉన్నవారికి దాదాపు ఐదు రెట్లు అధికంగా ఉన్నట్లు తేలింది.

లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో విడుదల చేసిన నివేదిక డిమెన్షియాకు దారితీసే 14 అంశాలను గుర్తించింది. వీటన్నింటినీ అదుపు చేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని పేర్కొంది. ఇందులో వినికిడి లోపం వాటా 7 శాతం. చెడు కొలెస్ట్రాల్‌తో సమానంగా జాబితాలో అగ్రస్థానం దీనిదే.

అంతమాత్రాన చెవుడు ఉన్నవారందరికీ డిమెన్షియా వస్తుందని భయపడనవసరం లేదు. ముప్పు పెరగడం వేరు, వ్యాధి రావడం వేరు. వినికిడి లోపం ఉన్నవారిలో అత్యధికులకు ఈ వ్యాధి సోకదు.

మెదడుకు అదనపు భారం

ఈ సంబంధానికి నిపుణులు ప్రధానంగా నాలుగు కారణాలు చూపుతున్నారు. మొదటిది, సగం సగం వినబడిన మాటను పూరించుకోవడానికి మెదడు నిరంతరం శ్రమించాలి. ఆ శక్తి మేరకు జ్ఞాపకానికి, ఆలోచనకు కొరత ఏర్పడుతుంది. రెండవది, శబ్దాలు అందక మెదడులో వినికిడికి సంబంధించిన భాగాలు త్వరగా కుంచించుకుపోవచ్చు. మూడవది ఒంటరితనం. మాట అందని పెద్దలు రచ్చబండకు, పెళ్లిళ్లకు, భజనలకు దూరమవుతారు. పదిమందిలో మాట్లాడటం తగ్గితే మెదడుకు పని తగ్గుతుంది. నాలుగవది, మధుమేహం, రక్తపోటు వంటివి రక్తనాళాలను దెబ్బతీసి చెవికీ, మెదడుకూ ఒకేసారి హాని చేయవచ్చు.

వినబడుతుంది, అర్థం కాదు

చెవి లోపల శబ్దాన్ని గ్రహించే సూక్ష్మ రోమ కణాలు ఒకసారి నశిస్తే తిరిగి పుట్టవు. వయసుతో పాటు ముందుగా తగ్గేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాల వినికిడి. అచ్చుల ధ్వని బాగానే అందుతుంది. స, చ, త, క వంటి హల్లులు జారిపోతాయి. అందుకే ‘పాలు’ అంటే ‘చాలు’ అనీ, ‘కాలు’ అనీ వినబడుతుంది. గొంతు వినిపిస్తున్నా మాట తెలియడం లేదని పెద్దలు చెప్పడానికి కారణం ఇదే. గట్టిగా అరవడం వల్ల ప్రయోజనం అంతంత మాత్రమే.

ఇక్కడే మరో ప్రమాదం పొంచి ఉన్నది. అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా, చెప్పిన విషయం గుర్తులేదన్నా మతి తప్పుతోందని ఇంటివారు నిర్ధారణకు వస్తారు. నిజానికి ఆ మాట వారి చెవిన పడే ఉండదు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో ప్రశ్నలు నోటితో అడుగుతారు కనుక, వినికిడి సరిచూడకుండా పరీక్షిస్తే ఫలితం తప్పుదారి పట్టవచ్చు. అందువల్ల మతిమరుపు అనుమానం కలిగినప్పుడు చెవి పరీక్ష కూడా చేయించడం తప్పనిసరి.

యంత్రంతో మేలెంత?

వినికిడి యంత్రం డిమెన్షియాను ఆపగలదా అన్న ప్రశ్నకు సమాధానం కోసం అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల వయసున్న 977 మందితో మూడేళ్ల ప్రయోగం జరిగింది. 2023లో వెల్లడైన ఫలితాల ప్రకారం, అందరినీ కలిపి చూస్తే జ్ఞాపక, ఆలోచన శక్తుల క్షీణతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే గుండె ఆరోగ్య అధ్యయనం నుంచి ఎంపికైన, ముప్పు అధికంగా ఉన్న వర్గంలో క్షీణత వేగం 48 శాతం తగ్గింది. కాబట్టి యంత్రాన్ని సర్వరోగ నివారిణిగా భావించరాదు. అలాగని పక్కన పెట్టనూరాదు. మాట అందడం, నలుగురితో కలవడం అనే ప్రయోజనాలు ఎటూ ఉంటాయి.

చేయవలసినవి

* టీవీ శబ్దం పెంచడం, పదేపదే ‘ఏమిటి?’ అని అడగడం, ఫోన్‌లో మాట్లాడటానికి వెనుకాడటం గమనిస్తే చెవి, ముక్కు, గొంతు వైద్యుని సంప్రదించాలి. కొన్నిసార్లు గులిమి పేరుకోవడమే కారణం కావచ్చు. దానిని తొలగిస్తే సరిపోతుంది.
* చెవిలో కాచిన నూనె పోయడం, పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టడం మానుకోవాలి.
* ఒక్కసారిగా వినికిడి పోతే ఆలస్యం చేయరాదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.
* యంత్రం పెట్టుకున్న మొదట్లో చప్పుళ్లన్నీ చికాకు కలిగిస్తాయి. మెదడు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. పెట్టెలో దాచక, రోజూ కొంతసేపు వాడుతూ సమయం పెంచుకోవాలి.
* పెద్దలతో ఎదురుగా నిలబడి, ముఖం కనిపించేలా, నిదానంగా మాట్లాడాలి. టీవీ ఆపి మాట్లాడితే మరీ మంచిది.

కేంద్ర ప్రభుత్వం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న, లేదా నెలసరి ఆదాయం రూ.15 వేలకు మించని 60 ఏళ్లు పైబడినవారికి వినికిడి యంత్రాలు, ఇతర ఉపకరణాలు ఉచితంగా అందజేసే ఏర్పాటు ఉన్నది. అర్హులను శిబిరాలలో పరీక్షించి ఎంపిక చేస్తారు. వయోవృద్ధుల సమాచారం కోసం 14567 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.

వినికిడి పరీక్షకు నొప్పి ఉండదు, సూది ఉండదు, అరగంట చాలు. కంటి పరీక్షకు బయలుదేరిన రోజునే పెద్దల చెవులను కూడా చూపించడం ఉత్తమం.