మాంత్రికుని పాత్ర: కొత్త ఆటగానికి కొన్ని మాటలు

దసరా సెలవులకు వరంగల్లు నుండియో, హైదరాబాదు నుండియో పిల్లలు పెద్దవంగరకు వచ్చినప్పుడు వారి సంచులలో పుస్తకాలతోపాటు వింత పాచికలు కూడ కనిపించవచ్చును. నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, ఇరువది ముఖాలవి. రాత్రి భోజనాలైన తరువాత నలుగురైదుగురు చాపమీద గుండ్రంగా కూర్చుండి, "నేను మంత్రం వేస్తున్నాను" అని ఒకడు, "కావలివాడు పడిపోయినాడా?" అని మరియొకడు అంటూ ఉంటే, పక్కగదిలోని పెద్దలకు గుండె ఝల్లుమనడం సహజమే. ఆ భయమును గూర్చి కూడ చెప్పవలసి ఉన్నది. ముందు ఆట సంగతి.

ఇట్టి ఆటలలో మొదటిదిగా పేరుపొందినది డన్జన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇద్దరు కల్పించగా 1974లో అచ్చయినది. గళ్ళపలక ఉండి తీరవలెనని లేదు. ఒకరు కథకుడు, తక్కినవారు తలకొక పాత్ర. ఒగ్గుకథ విన్నవారికి ఈ పద్ధతి బొత్తిగా కొత్త కాదు. జనగామ సమీపమున మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్యగారు 2017లో కీర్తిశేషులైనారు గాని, ఆ విద్య ఈ ప్రాంతమున ఇంకను ఉన్నది. అందులో ప్రధాన కథకుడు కథ నడుపుతూనే తానే పాత్రగా మారిపోతాడు. వంత పాడేవారు ఎదుటి పాత్రలై బదులు చెబుతారు. భేదమల్లా ఒక్కటే. ఒగ్గుకథలో మల్లన్న కథ ఎట్లు ముగుస్తుందో విననున్నవారికి ముందే తెలుసు. ఈ ఆటలో ముగింపు కథకునికి కూడ తెలియదు. పాత్రధారి ఏమి చేయదలచినాడో చెబుతాడు. సందేహమున్నచోట పాచిక తీర్పు చెబుతుంది.

ఇందులో యోధుడు, గూఢచారి, వైద్యుడు వంటి పాత్రలు ఎన్నో ఉన్నవి. కొత్తవారి చేయి మాత్రం మొట్టమొదట మాంత్రికుని మీదికే పోతుంది. అందుకు కారణం మన సినిమాలే. 1951లో వచ్చిన పాతాళభైరవిలో ఎస్.వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుణ్ణి చూచిన తెలుగువాడెవడు యోధుని పాత్ర కోరుకొంటాడు? 1942 నాటి బాలనాగమ్మలో గోవిందరాజుల సుబ్బారావుగారి మాయలమరాఠీ అంతకు ముందే జనాన్ని హడలగొట్టినాడు. వీరిని మనసులో పెట్టుకొని ఆటకు కూర్చున్న కుర్రవాడు మొదటి అరగంటలోనే చిన్నబోతాడు. ఏలనగా ఈ ఆటలో తొలిమెట్టు మాంత్రికుడు మిక్కిలి బలహీనుడు. కత్తిదెబ్బలు రెండు గట్టిగా తగిలితే కూలిపోతాడు. ఇప్పటి నియమాల ప్రకారం అతని గ్రంథములో మొదటి తరగతి మంత్రాలు ఆరు ఉంటాయి. వాటిలో కొన్నిటిని ఉదయాన సిద్ధము చేసికొంటాడు. నడుమ విశ్రాంతి తీసికొనకుండ వేయగలిగినది రెండు మార్లు మాత్రమే. దీర్ఘవిశ్రాంతి తీసికొనిన తరువాతనే ఆ శక్తి పూర్తిగా తిరిగి వస్తుంది.

1974 నాటి నియమము ఇంకను కఠినము. కొత్తవానికి దినమునకు ఒక్కటే మంత్రము, అది ఉచ్చరించిన వెంటనే జ్ఞప్తిలోనుండి చెరిగిపోవును. ఈ ఊహ జాక్ వాన్స్ అను రచయిత 1950లో వెలువరించిన 'ది డయింగ్ ఎర్త్' కథలనుండి వచ్చినది. పరీక్ష రాసి బయటికి రాగానే పాఠమంతా మరచిపోయే విద్యార్థులు మన ఇండ్లలోను ఉన్నారు గనుక దీనిని నమ్మడం కష్టము కాదు.

రెండే మార్లు అన్న ఈ పరిమితి పాత్రకు లోపము కాదు, పాత్ర యొక్క రుచియే అందులో ఉన్నది. ఒక ఉదాహరణ చూడండి. జఫర్‌గఢ్ కోట వంటి పాడుబడిన కోట ఒకటి. ద్వారము దగ్గర ముగ్గురు దొంగలు కాపలా. లోపల బందీగా ఒక వర్తకుడు. మీ జట్టు నలుగురు. కొత్త మాంత్రికుడు ఆలోచన లేకుండా మొదటి దొంగమీద ఒక మంత్రము, గడియ వేసిన తలుపుమీద ఇంకొకటి ప్రయోగిస్తాడు. లోపల దొంగలనాయకుడు ఎదురయ్యేసరికి చేతిలో ఏమీ ఉండదు. యోధుని వెనుక దాగి మూడు గంటలు ఆవులిస్తూ కూర్చుండవలసినదే.

అనుభవము గలవాడు మొదట కథకుణ్ణి ప్రశ్నలు అడుగుతాడు. దీపము ఎక్కడ ఉన్నది? దొంగలు మెలకువగా ఉన్నారా, తాగి ఉన్నారా? తాళపుచెవి ఎవని మొలలో ఉన్నది? ఈ ప్రశ్నలకు శక్తి వ్యయము కాదు. ఆపైన అతనికి ఎన్నిమారులైనా వేయదగిన చిన్న మంత్రాలు మూడు ఉంటాయి. వీటిని కొత్తవారు చులకనగా చూస్తారు. ఇది పొరపాటు. కనబడని చేయి వంటి మంత్రముతో ముప్పది అడుగుల దూరము నుండి కొక్కేనికి వ్రేలాడే తాళపుచెవిని తెప్పించుకొనవచ్చును. కోట వెనుక ఎద్దు రంకె వేసినట్లు శబ్దము కల్పిస్తే ఒక దొంగ అటు పోవచ్చును. మిగిలిన ఇద్దరిని గూఢచారి, యోధుడు చూచుకొంటారు. రెండు పెద్ద మంత్రాలును చెక్కు చెదరకుండా లోపలికి వస్తాయి. నిద్రమంత్రము వంటిది అప్పుడు పనికివస్తుంది. 2014 నాటి నియమాలలో అది బలహీనులను ముందు పడవేసి, ఒక్క నిమిషము మాత్రమే నిద్రపుచ్చును. దెబ్బ తగిలినా, ఎవరైనా కుదిపినా మేలుకొంటారు. కావున ఆ నిమిషములో ఏమి చేయవలెనో తోడివారితో ముందే అనుకొని ఉండవలెను.

మరియొక నియమము కొత్తవారిని తరచు దెబ్బతీస్తుంది. కొన్ని మంత్రాలు ఏకాగ్రత నిలిచినంతవరకే పనిచేస్తాయి. అట్టివి ఒక్కసారి రెండు నిలుపరాదు; మధ్యలో దెబ్బ తగిలితే పాచిక వేసి ఏకాగ్రత నిలిచినదో లేదో తేల్చుకొనవలెను. అందుచేత మాంత్రికుడు స్తంభము చాటున, యోధుని వెనుక ఉండడం పిరికితనము కాదు. అట్లే నోరు కట్టివేసినా, చేతులు బంధించినా అనేక మంత్రాలు సాగవు. మాయలమరాఠీ అంతటివాని ప్రాణము ఒక చిలుకలో ఉండెను గదా! నేపాళ మాంత్రికుడు గడ్డము తీయించుకొని శక్తి పోగొట్టుకొన్నాడు. మన కథలు కల్పించినవారికి ఈ రహస్యము బాగా తెలుసు. లోపము లేని మాంత్రికుని కథ రెండవ రాత్రి ఎవరును వినరు. మీ పాత్రకును ఒక చిలుకను మీరే ఏర్పరచుకొని కథకుని చెవిలో వేయండి.

ఇక మర్యాద. మీ మంత్రాలు ఏమేమి చేయునో ఒక కాగితము మీద వ్రాసికొని, మీ వంతు రాకముందే నిర్ణయించుకొనండి. పుస్తకము తిరగవేస్తూ నలుగురిని నిరీక్షింపజేయడం అన్యాయము. తాళము తీయగల గూఢచారి జట్టులో ఉండగా తలుపుమీద మంత్రము వేయడం అతని అన్నము లాగికొనడమే. మంత్రము వేసేటప్పుడు దాని పేరు మాత్రము చెప్పి ఊరకొనక, ఏమి కనబడినదో, ఏమి వినబడినదో రెండు వాక్యాలలో చెప్పండి. రెండు చాలును.

పెద్దల భయమును గూర్చి చెప్పెదనంటిని. అది ఊరక పుట్టిన భయము కాదు. బాణామతి, చేతబడి అను అనుమానముతో అమాయకులను కొట్టడం, చంపడం మన తెలంగాణ గ్రామాలలో జరిగిన దారుణములే. జబ్బుకు కారణము తెలియనప్పుడు ఆ నింద పడేది ఒంటరి వృద్ధురాలి మీదనో, నోరులేని పేదవాని మీదనో. మంత్రముచేత మనిషికి రోగము రాదని చదువుకొన్న పిల్లలకు తెలుసు. గోడ అవతల వినేవారందరికి తెలుసునని అనుకొనరాదు. కనుక పెద్దవంగర వంటి ఊరిలో ఆడేటప్పుడు నిమ్మకాయలు, పసుపు కుంకుమలు, బొమ్మలు ఆటలోకి తేవద్దు. కథలోని దుష్టమాంత్రికునికి ఇరుగుపొరుగువారి పేరు, వారి ఇంటిపేరు, వారి వాడపేరు పెట్టవద్దు. పాచికల ఆటలో పలికిన పేరు మరునాడు బావిగట్టు దగ్గర వేరొక కథగా మారగలదు. నిజమైన పూజామంత్రాలు పలుకవద్దు. మీరే అర్థములేని నాలుగు పదాలు కల్పించుకొనండి. తలుపు తెరచి, దీపము వెలిగించి ఆడండి. అమ్మమ్మనో, తాతయ్యనో కూర్చుండమనండి. బాలనాగమ్మ కథ వారికి మీకంటె బాగా వచ్చును, కథకుని పని వారికే అప్పగించినా నష్టము లేదు.

పాచికలు లేనివారు ఆట మానుకొననక్కరలేదు. ఆరు ముఖాలది ఎక్కడనైనా దొరకును. ఇరువది ముఖాలదానికి బదులుగా 1 నుండి 20 వరకు అంకెలు వ్రాసిన చీటీలు ఒకే కొలతలో మడిచి చెంబులో వేసి, కుదిపి, ఒకటి తీయండి. చూచిన చీటీని మరల మడిచి చెంబులోనే వేయవలెను. బయట ఉంచితే తరువాతివాని లెక్క తప్పును.