మొండి ప్యాకింగుతో తొందర వద్దు

అడవులదీవి: మైసూరు ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడ్డా, ఎజ్డీ బళ్లను వదులుకోలేనివారు ఇంకా ఉన్నారు. ఇంజను విప్పేటప్పుడు ఉప్పుగాలికి తుప్పుపట్టిన నట్లు ఎలాగో వదులుతాయి. సిలిండరు కింది ప్యాకింగే మొండిది.

స్క్రూడ్రైవరుతో గీకితే మెత్తని అల్యూమినియంపై గాడి పడుతుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో ఆ సందున గాలి చొరబడి, పెట్రోలు పాలు తగ్గి, వేడెక్కి పిస్టను పట్టేస్తుంది. (ఆయిలు సరిగా కలపలేదని తిట్లు మాత్రం బంకు వాడికి!)

ముందు రంధ్రంలో గుడ్డ కుక్కండి. థిన్నరు పూసి నాననివ్వండి. దగ్గర్లో బీడీ వెలిగించరాదు. వెదురుబద్దను ఉలిలా చెక్కి, వాల్చిపట్టి నెట్టండి. రాకుంటే మళ్లీ తడపండి.

పాత ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు గనుక పొడిగా గీకడం, వైరు బ్రష్షు పెట్టడం, నోటితో ఊదడం కూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ముక్కలను తడిగానే సంచిలో కట్టాలి. గోటితో తడిమితే ఎక్కడా గరుకు తగలనప్పుడే కొత్త ప్యాకింగు వేయాలి.