నాడిని కుదుర్చు మందు

1912వ సంవత్సరమున కారెల్ వెంకెబాఖ్ అను హృద్రోగ నిపుణుని కడకు డచ్చి వర్తకుడొకడు వచ్చెను. అతని నాడి ఒక క్రమము లేక కొట్టుకొనుచుండెను. దానిని సరిదిద్దు ఉపాయము తనకు తెలియదని వైద్యుడు చెప్పగా, తనకు తెలియునని రోగి పలికెను! అన్నట్లే మరునాటి ఉదయమున చక్కని లయతో నడచు నాడితో తిరిగివచ్చెను. అతడు సేవించినది ఒక గ్రాము క్వినైన్. మన మన్యప్రాంతములలో చలిజ్వరమునకు వాడుచువచ్చిన చేదుమందే అది.

వెంకెబాఖ్ ఈ సంగతిని 1914లో ప్రకటించెను. 1918లో వాల్టర్ ఫ్రై అను వైద్యుడు, సింకోనా పట్టనుండియే లభించు క్వినిడిన్ ఈ పనికి మరింత సమర్థమని చూపెను. నాటినుండి అది దేశదేశముల వాడుకలోనికి వచ్చెను. ఎందరికో మేలు చేసెను. కాని దానిని సేవించువారిలో ఏ ఒకరిద్దరో హఠాత్తుగా మూర్ఛిల్లుచుండిరి. కొందరు మరల లేవకుండిరి. 1964లో సెల్జర్, రే అను వైద్యులు ఈ మూర్ఛల మర్మమును బయటపెట్టిరి. ఆ సమయమున రోగి గుండె ఆగిపోవుట లేదు. రక్తమును నెట్టజాలనంత వేగముతో అదరుచున్నది!

గుణమిచ్చిన మందే ఇట్టి కీడునెట్లు చేసెను? గుండెయందలి ప్రతి కణమును ఒక స్పందనము ముగిసిన పిమ్మట క్షణకాలము తేరుకొనును. ఆ విరామమున వచ్చిన ప్రేరణ దానిని కదల్పజాలదు. క్వినిడిన్ ఈ విరామమును పొడిగించును. అందుచే దారితప్పి తిరుగు ప్రేరణలు అణగిపోవును. మేలు ఇదియే. విరామము మితిమీరి సాగినచో, ముఖ్యముగా రక్తమున పొటాషియము తగ్గినపుడు, కణములు పూర్తిగా తేరుకొనకమునుపే అకాల స్పందనములు పుట్టును. కీడును ఇదియే. ఇట్టి స్పందనల రేఖలు త్రాటికి పురిపెట్టినట్లు మెలికలు తిరుగునని 1966లో ఫ్రెంచి వైద్యుడు డెసెర్టెన్ వర్ణించెను.

ఇట్టి కీడును కనిపెట్టుట సులభము కాదు. రోగి గుండె మొదటనే బలహీనము. అతడు ఆకస్మికముగా మరణించినచో, రోగము ముదిరినదని అందరును అనుకొందురు. మందుచే కలిగిన మరణమునకును, రోగముచే కలిగిన మరణమునకును రూపు ఒక్కటే.

ఈ సత్యము అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో స్పష్టపడెను. గుండెపోటునుండి కోలుకొన్నవారిలో అకాల స్పందనములు హెచ్చుగా నున్నచో ప్రాణభయము అధికము. కావున వానిని అణచినచో ప్రాణములు దక్కునని వైద్యులు తలచిరి. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అను మందులు ఆ పనిని చక్కగా చేయుచుండెను. 1987లో పరీక్ష ప్రారంభమయ్యెను. మందునకు స్పందనములు అణగినట్లు ముందుగా తేలినవారినే ఎన్నుకొని, సగముమందికి మందును, తక్కినవారికి మందువలె కనుపట్టు ఉత్త బిళ్లలను ఇచ్చిరి. ఎవరికేది దక్కినదో రోగులకుగాని, చూచు వైద్యులకుగాని తెలియదు.

1989లో ఆ రెండు మందులను అర్ధాంతరముగా నిలిపివేయవలసివచ్చెను. 1991లో ప్రకటించిన లెక్క ఇది: మందు సేవించిన 755 మందిలో 63 మంది మరణించిరి; ఉత్త బిళ్లలు సేవించిన 743 మందిలో 26 మంది. ఇది సగటున పదినెలల కాలపు లెక్క. గుండెపోటు మిగిల్చిన మచ్చ చుట్టును, మందుచే మందగించిన ప్రేరణ సుడివలె తిరుగుటయే ఇందులకు కారణమని పలువురి అభిప్రాయము.

ఆనాటినుండి వైద్యుల పద్ధతి మారెను. ఎన్‌కైనైడ్ అంగడినుండి తొలగెను. ఫ్లెకైనైడ్‌ను గుండె కండరమున మచ్చలు లేనివారికే, తగిన పరీక్షల పిమ్మట, నేటికిని ఇచ్చుచున్నారు. అట్టివారికి అది మేలే చేయును. కావున భయపడి మందును తమంతట తామే మానుట అపాయకరము. మూర్ఛ వచ్చినను, కన్నులు తిరిగినను వెంటనే వైద్యునికి చెప్పవలెను. ఇతర మందులు వాడునపుడును చెప్పవలెను; ఎరిత్రోమైసిన్ వంటి సామాన్యపు మందులు సైతము ఆ విరామమును పొడిగింపగలవు.

మార్కులు పెరిగినంతమాత్రమున విద్య వచ్చినదని తలపరాదని ఉపాధ్యాయులెరుగుదురు. వైద్యులు ఈ పాఠమును ఎంత వెల యిచ్చి నేర్చిరో తలచినచో మనసు కలగును. మరణించిన ఆ 63 మందియు పరీక్షలో నాడి కుదిరినదని లెక్కకెక్కినవారే.