పండితుని పుత్రశోకము

సరస్వతీ మందిరమున జాతిభేదము లేదనియు, విద్వత్తే అచటి కులమనియు మనవారు తఱచుగా చెప్పుచుందురు. పాశ్చాత్య విశ్వవిద్యాలయములను గూర్చి యీ మాట మఱింత భక్తితో చెప్పుదురు. అమెరికాదేశపు నల్లజాతి పండితుడైన డుబాయిస్ జీవితమును చదివినపిమ్మట మే మా మాటను నమ్మజాలకున్నాము. ఆయన పాండిత్యమునకు కొఱత లేదు. ఆ పాండిత్యము, బిడ్డకు ప్రాణము మీదికి వచ్చిన రాత్రి, ఒక్క వైద్యుని గుమ్మములోనికి తేలేకపోయెను.

డుబాయిస్ 1868లో మసాచుసెట్సు రాష్ట్రమునందలి గ్రేట్ బారింగ్టన్ అను చిన్న పట్టణమున జన్మించెను. పసితనముననే తండ్రి యిల్లు విడిచిపోయెను. తల్లి పక్షవాతముతో బాధపడుచునే పరుల యిండ్లలో పనిచేసి కుమారుని చదివించి, అతడు కళాశాలలో చేరకమునుపే, 1885లో, కన్నుమూసెను. ఊరి చర్చీలవారు చందాలు వేసి యాతనిని దక్షిణాదినున్న ఫిస్క్ విశ్వవిద్యాలయమునకు పంపిరి. అది నల్లవారి విద్యాలయము. అచటి పట్టముతో హార్వర్డునకు పోగా, వా రా పట్టమును సమానముగ నంగీకరింపక, బి.ఏ. తరగతులనే మరల రెండేండ్లు చదివించిరి. పిమ్మట బెర్లినులో రెండేండ్లు చదివి, 1895లో హార్వర్డు డాక్టరు పట్టము నందెను. నల్లవారిలో ఆ పట్టమును పొందినవాడు ఆయనయే మొదటివాడు. బానిసవర్తకపు నిషేధమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము ఆ విశ్వవిద్యాలయపు చరిత్ర గ్రంథమాలకు ప్రథమ సంపుటమయ్యెను.

ఇంతటివానికి లభించిన యుద్యోగ మెట్టిది? 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు ఫిలడెల్ఫియా నగరమందలి నల్లవారి స్థితిగతులను పరిశోధింపుమని పిలిచి, "సహాయ బోధకుడు" అను బిరుదు నిచ్చిరి. బోధించుటకు తరగతి లేదు. ఆచార్యుల పట్టికలో పేరును నిలువలేదు. ఆయన భార్యతోగూడ నల్లవారి పేటలోనే కాపురముండి, సుమారు 2,500 కుటుంబముల గడపలు తానే యెక్కి, ప్రశ్నలడిగి, లెక్కలు కట్టెను. 1899లో వెలువడిన యా గ్రంథము సమాజశాస్త్రమున నేటికిని ప్రమాణము. అందొక లోపము మాకు తోచుచున్నది. తనజాతివారినే యాయన నాలుగు మెట్లుగా విభజించి, అడుగుమెట్టువారిని గూర్చి వ్రాయునపుడు కొంత దొరతనము చూపెను. చందాలపై చదువుకొన్న చాకిరిమనిషి కొడుకు సైతము పట్టములు ధరించిన వెనుక మెట్లు లెక్కించుట నేర్చెను! విద్యాలయములు జాతిభేదమునే కాక తరగతిభేదమును గూడ బోధించు ననుటకు వేఱు సాక్ష్యమేల?

1897లో ఆయన అట్లాంటా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. తెల్ల ఆచార్యుల పిల్లలు నల్లవారితో కలిసి చదువుచుండిరను కారణమున జార్జియా ప్రభుత్వము ఆ సంస్థకు ఏటేట నిచ్చు 8,000 డాలర్ల గ్రాంటును 1887లోనే నిలిపివేసియుండెను. జాతిద్వేషమునకు అజ్ఞానమే మూలమనియు, నిజమైన లెక్కలు లోకము ముందుంచినచో అది కరగిపోవుననియు డుబాయిస్ అప్పటికి విశ్వసించెడివాడు.

ఆ విశ్వాసమునకు 1899 ఏప్రిలులో మొదటి దెబ్బ తగిలెను. యజమానితో కలిగిన కలహమున అతనిని చంపెనన్న నేరమునకు సామ్ హోస్ అను నల్ల కూలివానిని, న్యాయస్థానము మాట లేకయే, జనసమూహము సజీవముగ దహించెను. దీనిని గూర్చి పత్రికకు వ్రాసిన లేఖను చేతబట్టుకొని పోవుచున్న డుబాయిస్, ఆ మృతుని వ్రేళ్ల కణుపులను దారిలో ఒక కిరాణా దుకాణమున ప్రదర్శనకు పెట్టిరని విని, వెనుదిరిగెను. నెల గడచెనో లేదో, రెండేండ్లయినను నిండని ఆయన జ్యేష్ఠపుత్రుడు బర్గార్టునకు కంఠసర్పి వ్యాధి సోకెను. తెల్ల వైద్యులు నల్లబిడ్డను ముట్టరు. నల్ల వైద్యులు బహుకొద్దిమంది. తండ్రి రాత్రియెల్ల నగరమున వెదకియు ఒకనిని తేజాలడయ్యెను. మే 24వ తేదీన బిడ్డ మరణించెను. ఆయన బెర్లినులో విద్యార్థియై యున్న దినములలోనే ఆ నగరపు ప్రయోగశాలలలో ఆ వ్యాధికి విరుగుడు సీరమును పరీక్షించుచుండిరి! శవమును గొనిపోవునపుడు దారిన పోవు తెల్లవారు జాతిపేరు పెట్టి తిట్టిరి. జార్జియా మట్టిలో బిడ్డను పూడ్చుటకు తల్లిదండ్రులకు మనసొప్పలేదు. గ్రేట్ బారింగ్టనునకు గొనిపోయిరి.

1903లో ప్రకటించిన తన గ్రంథమున ఒక యధ్యాయమును ఆయన యీ బిడ్డకే కేటాయించెను. ఈ దేశపు అవమానములను చవిచూడకయే బిడ్డ తప్పించుకొనెనను నొక భయంకరమైన ఊరట అందు కానవచ్చును. కన్నతండ్రి చేత అట్టి మాట పలికించిన సమాజమును గూర్చి మే మేమి వ్రాయగలము? జనులను దహించుచుండగా తాను శాంతచిత్తుడైన శాస్త్రజ్ఞుడుగ నుండజాలనని ఆయన పిదప చెప్పెను. నిర్లిప్తత పండితలక్షణమని బోధించువారికి అర్ధరాత్రి వైద్యుడు దొరకును గదా!

ఈ కథ పరాయిదేశపుది యని మన పాఠకులు ఊపిరి పీల్చుకొనవలదు. కొలంబియాలో చదివి వచ్చిన అంబేడ్కరు 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడైనపుడు, ఆయన తమ కుండలోని నీరు త్రాగుటకు తోటి ఆచార్యులు అభ్యంతరపెట్టిరి. ఆయన అయిదుగురు బిడ్డలలో నలుగురు పసితనముననే పోయిరి. ఇరువురు పండితులకును 1946లో ఉత్తరప్రత్యుత్తరములు జరిగెను. ఐక్యరాజ్యసమితికి నల్లవారు సమర్పించు విన్నపపు ప్రతులను అంబేడ్కరు కోరెను. మన గ్రామములనుండి బిడ్డలను పట్టణములకు పంపు భూస్వాములు, ఆ బిడ్డల ప్రక్క బల్లపై కూర్చుండు కూలివాని కొడుకు ఏ కుండ నీరు త్రాగుచున్నాడో ఎన్నడైన విచారించిరా?

డుబాయిస్ 1910లో ఆచార్యపదవిని విడిచి, న్యూయార్కున పత్రికాసంపాదకుడై, తనజాతి హక్కులకై పోరాడెను. 1963లో ఘానాదేశమందలి అక్రాలో మరణించెను. తరగతి నీయని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము 2012లో ఆయనను గౌరవాచార్యునిగా ప్రకటించెను. ఆయన సమాధి అక్రాలో నున్నది. 1950లో గతించిన భార్య నీనా మాత్రము గ్రేట్ బారింగ్టనున, బిడ్డను పూడ్చిన శ్మశానముననే యున్నది.