చిన్న చేతికి తగిన బంతి

టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు. మధ్యలో నెట్ ఎత్తు 91.4 సెంటీమీటర్లు. ఇవి పెద్దవాళ్ళ కోసం ఏర్పరచిన కొలతలు. సుమారు 125 సెంటీమీటర్ల ఎత్తున్న ఎనిమిదేళ్ళ పాపను ఆ కోర్టులో నిలబెడితే ఏమవుతుంది? నెట్ ఆమె ఛాతీ దాకా వస్తుంది. అవతలి నుంచి గట్టిగా కొట్టిన బంతి నేలకు తగిలి తల ఎత్తున లేస్తుంది. పాప ఎంత చురుకైనదైనా దాన్ని సరిగా కొట్టలేదు. చూసేవాళ్ళు "దీనికి ఆట రాదు" అనేస్తారు. లోపం నిజంగా పాపలోనే ఉందా? ఆలోచిద్దాం.

బంతి ఎందుకు ఎగురుతుంది?

టెన్నిస్ బంతి లోపల బోలుగా ఉండే రబ్బరు గుండు. పైన నూగు గుడ్డ అంటించి ఉంటుంది. మామూలు బంతిలోని గాలికి బయటి గాలి కన్నా ఒత్తిడి ఎక్కువ. నేలకు తగలగానే బంతి నొక్కుకుపోతుంది, మళ్ళీ గుండ్రంగా విచ్చుకుంటూ నేలను తన్ని పైకి లేస్తుంది. ఈ పనిలో కొంత శక్తి వేడిగా మారిపోతుంది. అందుకే వదిలిన ఎత్తుకు అది తిరిగి రాదు. 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేలపై వదిలితే, మామూలు పసుపు బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల వరకు లేవాలని నిబంధన.

మీరూ పరీక్షించి చూడండి. గోడ మీద 1 మీటరు ఎత్తున సుద్దతో గీత గీయండి. అక్కడి నుంచి కొత్త బంతిని వదలండి, విసరవద్దు. అది సుమారు 55 సెంటీమీటర్లు లేస్తుంది. తర్వాత బాగా వాడిన పాత బంతిని వదలండి. దాని గాలి రబ్బరు గుండా మెల్లగా బయటికి పోయి ఉంటుంది కాబట్టి అది అంత ఎత్తుకు లేవదు.

మూడు రంగుల మెట్లు

పిల్లల బంతుల తయారీకి ఆధారం ఈ సూత్రమే. అదే 254 సెంటీమీటర్ల నుంచి వదిలితే ఎర్ర బంతి 105 సెంటీమీటర్లకు మించి లేవదు. నారింజ బంతి 105 నుంచి 120 వరకు, ఆకుపచ్చ బంతి 120 నుంచి 135 వరకు లేస్తాయి. ఎర్ర బంతితో ఆడే కోర్టు పొడవు 11 నుంచి 13 మీటర్ల లోపే. నారింజ బంతికి దాదాపు 18 మీటర్లు. పదేళ్ళు, అంతకన్నా తక్కువ వయసు పిల్లల పోటీలలో మామూలు పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నియమం పెట్టింది.

రాకెట్ సంగతీ అంతే. పెద్దవాళ్ళ రాకెట్ సుమారు 68 సెంటీమీటర్లు ఉంటుంది. ఎనిమిదేళ్ళ వారికి 58 నుంచి 63 సెంటీమీటర్లది చాలు. "పెరుగుతాడు కదా" అని చొక్కా వదులుగా కుట్టించినట్లు పెద్ద రాకెట్ కొనిస్తే బరువంతా మణికట్టు మీద, మోచేతి మీద పడుతుంది.

ఎదిగే ఎముక

పిల్లల పొడవైన ఎముకల చివర్ల దగ్గర మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. గట్టి ఎముక కన్నా అది సున్నితం. వందలసార్లు ఒకే రకంగా సర్వీసు చేస్తే భుజంలో, మోచేతిలో ఆ పొర దెబ్బతినవచ్చు. అందుకే క్రీడా వైద్యులు ఒక సులువైన లెక్క చెబుతారు. పిల్లల వయసు ఎన్నేళ్ళో, వారంలో అన్ని గంటలకు మించి ఒకే ఆటలో శిక్షణ వద్దు. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి కావాలి. మిగతా సమయంలో పరుగులు, ఈత, కబడ్డీ, ఏదైనా మంచిదే.

నొప్పిని దాచడం ధైర్యం కాదు. ఆడుతున్నప్పుడు భుజమో మోచెయ్యో నొప్పి పుడితే వెంటనే ఆపి, ఇంట్లోవాళ్ళకూ శిక్షకుడికీ చెప్పాలి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా ఆరేళ్ళ వయసులో రాకెట్ పట్టింది. వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది 2003లో, పదహారేళ్ళ వయసులో. నడుమ పదేళ్ళ సాధన ఉంది. తొందర పడితే ఆ పదేళ్ళు రెండేళ్ళయిపోవు.

మీ తమ్ముడో చెల్లాయో పోటీ ఆడి ఇంటికి వస్తే "గెలిచావా?" అని మొదటే అడగకండి. "ఇవాళ ఏ షాట్ బాగా కుదిరింది?" అని అడగండి. మంచినీళ్ళివ్వండి. రేపు ఎర్ర బంతి పట్టుకొని కాసేపు వాళ్ళతో ఆడండి. ఓడినా మర్నాడు మళ్ళీ ఆడాలనిపించిన పిల్లలే ఆటలో నిలుస్తారు.