మీటలు లేని పాటపెట్టె

ఇంట్లో ఒక వస్తువు పాతబడితే కొత్తది కొంటాం. కొత్తది పాతదానికంటె మేలుగా ఉంటుందని ఆశిస్తాం. కాని నాలుగు రోజులు వాడేసరికి "దీనికంటె పాతదే నయం" అనే మాట ఎవరో ఒకరి నోట వినిపిస్తుంది. "ఇన్నాళ్లూ ఇది లేక ఎంత అవస్థపడ్డాం!" అనేవారు కూడ ఆ ఇంట్లోనే ఉంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడం లేదు. ఒకే వస్తువు ఒకరికి సుఖమూ, మరొకరికి కష్టమూ ఎందుకవుతుంది? దీనిని తెలుసుకోవడానికి చేతిలో పట్టుకొని పాటలు వినే చిన్న యంత్రాల కథ బాగా పనికివస్తుంది.

జపానులోని సోనీ సంస్థ 1979 జూలై 1వ తేదీన 'వాక్‌మన్' అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. అంతవరకు టేపురికార్డరు అంటే పాటను వినిపించడమే గాక, మన మాటను పట్టి ఉంచేది కూడ. వాక్‌మన్‌లో రికార్డు చేసే ఏర్పాటు లేదు. నలుగురికీ వినిపించే స్పీకరు కూడ లేదు. చెవులకు తగిలించుకోవడానికి తేలికైన హెడ్‌ఫోను మాత్రం ఇచ్చారు. "రికార్డు చేయలేని టేపురికార్డరును ఎవరు కొంటారు?" అని ఆ సంస్థలోనే పెదవి విరిచినవారున్నారు. మొదట తయారుచేసిన 30,000 యంత్రాలలో తొలి నెలలో సుమారు 3,000 మాత్రమే అమ్ముడుపోయాయి. సందేహించినవారి మాటే నిజమయ్యేట్టు కనిపించింది. కాని ఆగస్టు నెలాఖరుకు మొత్తం సరుకు అయిపోయింది.

ఇందులో ఇంకొక విశేషముంది. ఆ సంస్థ అధినేత అకియో మొరిటా, పక్కన మనిషి ఉండగా ఒక్కరే చెవులు మూసుకొని పాట వినడం మర్యాద కాదని భావించారు. అందుచేత మొదటి వాక్‌మన్‌కు ఇద్దరు వినడానికి వీలుగా రెండు హెడ్‌ఫోను రంధ్రాలు పెట్టించారు. నారింజరంగు మీట కూడ ఒకటి ఉండేది. దానిని నొక్కితే పాట సద్దుమణిగి, వింటున్న ఇద్దరూ హెడ్‌ఫోను తీయకుండానే ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. ఎంత మంచి ఆలోచన! కాని కొన్నవారు దానిని పట్టించుకోలేదు. వారికి కావలసింది తామొక్కరే వినగలగడం. తరువాతి నమూనాలలో ఆ మీటా పోయింది, రెండవ రంధ్రమూ పోయింది. తయారుచేసినవారి మంచితనాన్ని వాడినవారు కాదన్నారన్నమాట.

మద్రాసులో ఇటువంటి విదేశీ వస్తువులు చూడాలంటే ఆ రోజుల్లో బీచి స్టేషనుకు ఎదురుగా ఉన్న బర్మా బజారుకు వెళ్లేవారు. బర్మానుంచి తిరిగివచ్చిన మనవారి జీవనోపాధి కోసం 1969లో ఏర్పడిన అంగళ్ల వరుస అది. వస్తువు చెడిపోతే మౌంటురోడ్డుకు ఆనుకొని ఉన్న రిచీ వీధికి తీసుకుపోయేవారు. అయితే, వాక్‌మన్ కుర్రకారు సరదా. సంసారుల ఇళ్లలో కనిపించేది రేడియో, టేపురికార్డరు కలిసిన 'టూ ఇన్ వన్'.

మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. ఎత్తుగా, గట్టిగా ఉండే దాని మీటలను మా అమ్మ చీకట్లో కూడ గుర్తుపట్టేది. తెల్లవారుజామున దీపం వేయకుండానే సుప్రభాతం పెట్టేది. అది పాతబడిపోయిందని నేను నాజూకైన కొత్తదానిని కొని తెచ్చాను. దాని మీటలన్నీ ఒకే వరుసలో, ఒకే ఎత్తులో, ఒకే నలుపు రంగులో ఉన్నాయి. అంగడిలో నాకు నచ్చింది ఆ అందమే. మరునాడు తెల్లవారుజామున మా అమ్మ ఏ మీట నొక్కిందో గాని, సుప్రభాతం టేపు మీద ఆమె దగ్గు రికార్డయింది. ఆమె ఏమీ అనలేదు. పాట వినిపించే మీటమీద కుంకుమతో బొట్టు పెట్టింది. తరువాత చీకట్లో ఆ బొట్టు కనపడదని తెలిసి, దానిమీద చింతగింజ ముక్క ఒకటి అతికించింది. ఆ కొత్త యంత్రం లోపమేమిటో ఆ చింతగింజ ముక్కను చూసిన తరువాతగాని నాకు అర్థం కాలేదు.

ఇటువంటిదే, ఇంతకంటె చాలా పెద్ద ఎత్తున, 2009లో జరిగింది. అమెరికాలోని ఆపిల్ సంస్థ 2001లో 'ఐపాడ్' అనే యంత్రాన్ని తెచ్చిందనీ, టేపులూ పళ్లేలూ లేకుండా వెయ్యి పాటలను అది జేబులో ఇమిడ్చిందనీ మీరు వినే ఉంటారు. దానికి తమ్ముడివంటిది 2005లో వచ్చిన 'ఐపాడ్ షఫుల్'. దీనికి తెర లేదు. కొన్ని మీటలు మాత్రం ఉండేవి. 2009 మార్చిలో దీని మూడవ రూపాన్ని విడుదల చేశారు. ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లు, బరువు 11 గ్రాములకు లోపు. బొటనవేలంత యంత్రంలో సుమారు వెయ్యి పాటలు పట్టేవి. అంత చిన్నదిగా చేయడానికి వారు చేసిన పని ఏమిటంటే, యంత్రం మీదనుంచి పాటల మీటలన్నింటినీ తీసివేయడం. వాటికి బదులుగా చెవికి పెట్టుకొనే ఇయర్‌ఫోను తీగమీద చిన్న మీటలు అమర్చారు. నడిమి మీటను ఒకసారి నొక్కితే పాట ఆగుతుంది, రెండుసార్లు నొక్కితే తరువాతి పాట వస్తుంది, మూడుసార్లు నొక్కితే వెనుకటి పాట వస్తుంది. నొక్కి పట్టుకుంటే యంత్రమే పాట పేరును, పాడినవారి పేరును చెవిలో చెబుతుంది. అది 14 భాషలలో మాట్లాడేది. వాటిలో భారతీయ భాష ఒక్కటి కూడ లేదు. మన పాటల పేర్లను అది ఏ యాసలో పలికేదో మీరే ఊహించుకోండి.

దీనిమీద జనం రెండుగా చీలిపోయారు. చొక్కాకు తగిలించుకొని పరుగుకు వెళ్లేవారిలో కొందరు, "బరువే తెలియడం లేదు" అని మెచ్చుకొన్నారు. తెర చూడలేని అంధులకు, పేరు చెప్పే పాటపెట్టె అక్కరకు వచ్చే వస్తువు. మంచి ఇయర్‌ఫోను ముందే కొనిపెట్టుకొన్నవారికి మాత్రం కోపం వచ్చింది. ఎందుకంటే, తీగమీద మీటలు లేని మామూలు ఇయర్‌ఫోనును తగిలిస్తే పాటను ఆపడానికిగాని, మార్చడానికిగాని, స్వరం తగ్గించడానికిగాని వీలులేదు. ఇచ్చిన ఇయర్‌ఫోను తెగిపోతే అటువంటిదే మళ్లీ కొనాలి. లేదా మీటలున్న జోడింపు తీగ ఒకటి వేరుగా కొనాలి. యంత్రం చౌకే, దాని తోక ఖరీదయింది. ఎన్నిసార్లు నొక్కితే ఏమవుతుందో లెక్కపెట్టుకోవలసి రావడం విసుగనిపించినవారూ ఉన్నారు.

ఇక్కడ మనం కొంచెం ఆగి ఆలోచించాలి. కొత్త వస్తువుమీద వచ్చే ఫిర్యాదులన్నీ ఒక జాతివి కావు. కొన్ని అలవాటువల్ల పుట్టినవి. చేయి పాత మీటకోసం వెదకుతుంది, దొరకకపోతే మనసు చిరాకుపడుతుంది. ఇటువంటి ఫిర్యాదు కొన్ని వారాలలో దానంతట అదే సద్దుమణుగుతుంది. వాక్‌మన్‌లో రికార్డు చేసే వీలు లేదన్న ఫిర్యాదు అటువంటిదే. ఒక ఏడాది గడిచేసరికి దానిని ఎవరూ తలచుకోలేదు. మరికొన్ని ఫిర్యాదులు నిజమైన కొరతవల్ల పుడతాయి. చేతిలో ఉన్న మంచి ఇయర్‌ఫోను పనికిరాకుండా పోవడం అలవాటుకు సంబంధించినది కాదు. నెల గడిచినా, ఏడాది గడిచినా ఆ కొరత అలాగే ఉంటుంది. ఈ రెండింటినీ వేరు చేయగలిగిన తయారీదారుకు జనం మాట ఉపయోగపడుతుంది. వేరు చేయలేనివాడు అన్ని ఫిర్యాదులకూ లొంగిపోతాడు, లేదా అన్నింటినీ తోసిపుచ్చుతాడు.

ఆపిల్ సంస్థ ఆ తేడాను గుర్తించిందనే చెప్పాలి. 2010 సెప్టెంబరులో వచ్చిన నాలుగవ రూపంలో మీటలు మళ్లీ యంత్రం మీదికి వచ్చాయి. మీటలు లేకపోవడం జనానికి లోటుగా తోచిందని సంస్థ అధినేత స్టీవ్ జాబ్స్ ఆ యంత్రాన్ని ప్రదర్శిస్తూ సభలోనే చెప్పారు. అయితే పాట పేరు చెప్పే ఏర్పాటును తీసివేయలేదు. ఇంకా ఎక్కువ భాషలకు విస్తరించారు. తప్పును దిద్దుకోవడమంటే చేసినదంతా చెరిపివేయడం కాదుకదా.

మీకు ఒక సందేహం రావచ్చు: నచ్చని వస్తువును కొని నష్టపోయినవారికి చట్టం సహాయపడదా? మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 నుంచి అమలులో ఉంది. వస్తువులో లోపముంటే, చెప్పిన గుణం లేకపోతే, ఈ చట్టం ప్రకారం అడిగే హక్కు మనకుంది. మీటలు లేవని ముందే చెప్పి అమ్మినదానిని కొని, తరువాత మీటలు లేవని కోర్టుకు పోతే గెలవడం కష్టం. అక్కడ మన తీర్పు చెప్పవలసింది అంగడిలోనే, డబ్బు ఇవ్వకముందే.

ఇక మన ఊరి సంగతి చూద్దాం. ఐపాడ్ షఫుల్ తయారీని 2017 జూలైలో పూర్తిగా ఆపివేశారు. అందరి చేతికీ ఫోను వచ్చింది, పాటలు అందులోకే వచ్చాయి. వింత ఏమిటంటే, ఆ ఏడాదే మే నెలలో మన దేశంలో మరొక పాటపెట్టె పుట్టింది. దాని పేరు 'కారవాన్'. తయారుచేసినది సారేగామా సంస్థ, అంటే ఒకప్పటి గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా. గ్రామఫోను ముందు కూర్చొన్న కుక్కబొమ్మతో హెచ్.ఎం.వి. రికార్డులు అమ్మినది ఆ కంపెనీయే. కారవాన్ చూడడానికి అచ్చం పాతకాలపు ట్రాన్సిస్టరు రేడియోలా ఉంటుంది. ముందువైపు పెద్ద పెద్ద మీటలు, తిప్పడానికి లావుపాటి నాబ్. లోపల మాత్రం ఆధునిక యంత్రం. 5,000 పాత హిందీ పాటలను ముందే నింపి 5,990 రూపాయలకు అమ్మారు. ఆ తరువాత తమిళం, తెలుగు మొదలైన భాషల పాటలతో వేరువేరు పెట్టెలు తెచ్చారు. నాబ్ తిప్పి గాయకుడి పేరు దగ్గర నిలిపితే ఆ గాయకుడి పాటలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఇంటర్నెట్టు అక్కరలేదు.

షఫుల్ కథను తిరగవేసినట్టున్న ఈ పెట్టెమీద కూడ అభిప్రాయాలు చీలిపోయాయి. ఫోను తెరమీద వేలు జరపడం చేతకాని పెద్దలు దీనిని అక్కున చేర్చుకొన్నారు. దూరాన ఉన్న పిల్లలు కొని తల్లిదండ్రులకు పంపే కానుకగా పేరు పొందింది. యువకుల విమర్శ మరొక తీరు: "కోరిన పాటను కోరినప్పుడు పెట్టుకొనే వీలు లేదు. ఆ సంస్థ దగ్గర హక్కులున్న పాటలే ఉంటాయి. వచ్చిన పాట వినాలి, లేదా దాటవేయాలి. ఫోనులో ఇన్ని లక్షల పాటలుండగా దీనికి ఆరువేలెందుకు?" ఇదీ కాదనలేని మాటే.

నాకు తోచిన కారణం ఇది. పెద్దలు రేడియోతో పెరిగినవారు. 1957లో మొదలైన వివిధ భారతి ముందు కూర్చొన్నవారికి తరువాత ఏ పాట వస్తుందో తెలియదు. నచ్చిన పాట రావడం ఒక పండుగ. వారికి పాటను ఎన్నుకోవలసిన పని లేకపోవడమే విశ్రాంతి. ఎన్నుకోవడమే సంగీతంలో సగమని ఎరిగిన పిల్లలకు అదే పెట్టె సంకెలలా కనిపిస్తుంది. మీటల సంఖ్య, నాబ్ పరిమాణం పైకి కనిపించే సంగతులు మాత్రమే.

చెన్నైలోని తెలుగువారికి ఇంకొక చిక్కుకూడ ఉంది. మన ఇళ్లలో తెలుగు, వీధిలో తమిళం. తాతగారికి రెండు భాషల పాటలూ కంఠస్థం. తమిళపు పెట్టె కొనాలా, తెలుగు పెట్టె కొనాలా? ఘంటసాల, పి. సుశీల, ఎస్. జానకి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం రెండు భాషలలోనూ పాడారు. వారి పాటలు ఎన్నో ఈ ఊరి స్టూడియోలలోనే, కోడంబాకం వడపళని ప్రాంతాలలోనే రికార్డయ్యాయి. పాడిన గొంతు ఒకటే, పాడిన ఊరూ ఒకటే, పెట్టెలు మాత్రం రెండు. ఇటువంటి ఇల్లు కూడ ఒకటి ఉంటుందని లెక్కలు వేసేవారికి తోచి ఉండదు.

అయితే ఆ పెట్టెలో బ్లూటూత్ అనే ఏర్పాటు ఉంది. తీగ లేకుండానే ఫోనులోని పాట అందులోనుంచి వినిపిస్తుంది. తెలుగు పెట్టె ఉన్న ఇంట్లో తాతగారు తమిళ పాట ఒకటి అడిగితే మనుమడు ఫోనులో వెదకి పెడతాడు. అది అయిపోగానే తాతగారు చేయి చాచి, చూడకుండానే నాబ్ తిప్పుతారు.