జీఎల్ జిలుగులు

చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందె మెరుస్తుంది. పెళ్లిచీర మీద చమ్కీలూ మెరుస్తాయి. తామరాకు మీద నీటిబొట్టూ మెరుస్తుంది. మూడు మెరుపులూ ఒకటి కావని కంటికి తెలుసు. మాటల్లోకి వచ్చేసరికి మనం క్రియ ఒక్కటే ఉంచుకుని దాని ముందు తళతళా, మిలమిలా, ధగధగా చేర్చుకుంటాం. ఇంగ్లీషువాళ్లు దేనికి దానికి వేరే క్రియ పెట్టుకున్నారు. బిందెది గ్లీమ్, చమ్కీలది గ్లిట్టర్, నీటిబొట్టుది గ్లిసన్.

మూడు మాటలకూ మొదట జీ, ఎల్ అక్షరాలే ఉన్నాయి. ఈ కుటుంబం అక్కడితో ఆగదు. మంట లేకుండా కణకణలాడే బొగ్గుది గ్లో. ఎండలో కొడవలి అంచు ఒక్కసారి తళుక్కుమంటే గ్లింట్. దూరాన ఎక్కడో మిణుకుమిణుకుమనే దీపానిది గ్లిమ్మర్. రాత్రిపూట ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్లు కళ్లలో పొడిచినట్టుంటే అది గ్లేర్. కోపంగా గుడ్లురిమి చూసినా గ్లేరే. ఇక్కడ వెలుగు నుంచి చూపులోకి జారిపోయాం, గమనించారా? అలా తలతిప్పి ఒకసారి చూస్తే గ్లాన్స్. కనిపించీ కనిపించకుండా మాయమైతే గ్లింప్స్. మన సినిమావాళ్లు టీజర్‌కన్నా ముందు వదిలే ‘గ్లింప్స్’ ఇదే.

ఇంగ్లీషు పదాలను ఇలా మొదటి అక్షరాలను బట్టి పోగుచేసి బట్టీపట్టించే పుస్తకాలు మన దగ్గర చాలానే ఉన్నాయి. అకారాది క్రమం కాబట్టి పక్కపక్కన పడ్డాయని విద్యార్థి అనుకుంటాడు. కొన్ని గుంపుల విషయంలో సంగతి అంతకన్నా లోతుగా ఉంటుంది. ఆ అక్షరాల జంటకే అర్థం వాసన అంటుకుని ఉంటుంది.

దీనికి పేరు పెట్టినవాడు జె. ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త. 1930లో వచ్చిన ‘స్పీచ్’ అనే చిన్న పుస్తకంలో ఇలాంటి ధ్వనుల జంటలను ఆయన ‘ఫోనెస్థీమ్’ అన్నాడు. ధ్వని, అనుభూతి అనే అర్థాలున్న రెండు గ్రీకు ముక్కలను అతికించిన మాట అది. ఫర్త్ మనకు మరీ పరాయివాడు కాడు. లాహోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా పనిచేశాడు. 1937లో మళ్లీ భారతదేశం వచ్చి గుజరాతీతో పాటు తెలుగు మీద కూడా పరిశోధన చేశాడు.

పేరు కొత్తదే కాని, గమనింపు పాతది. జాన్ వాలిస్ 1653లో ఇంగ్లీషు వ్యాకరణాన్ని లాటిన్‌లో రాస్తూ ఇటువంటి జాబితాలే ఇచ్చాడు. అనంతానికి మనం వాడే పడుకున్న ఎనిమిది లాంటి గుర్తును గణితంలోకి తెచ్చిందీ ఈయనే. డబ్ల్యూ, ఆర్ కలిసి మొదలైతే మెలి తిరగడం ఉంటుందని ఆయన చూపించాడు. తడిబట్ట పిండితే రింగ్, కుస్తీ పడితే రెజిల్, చర్మం ముడత పడితే రింకిల్. అన్నిటికీ ముందు పలకని డబ్ల్యూ ఉంటుంది. తప్పు అనే అర్థంలో వాడే ‘రాంగ్’కు కూడా మొదటి అర్థం వంకరే.

ముక్కు సంగతి ఇంకా తమాషా. ఎస్, ఎన్ జంటతో మొదలయ్యే మాటల్లో చాలావాటికి ముక్కు తగులుతుంది. గురక స్నోర్, వాసన చూడటం స్నిఫ్, పందిమూతి స్నౌట్, ముక్కుపొడి స్నఫ్, మూతి విరుపు స్నీర్. తుమ్ము అనే స్నీజ్ మాత్రం ఈ ఇంట్లో పుట్టలేదు. పాత ఇంగ్లీషులో అది ఎఫ్, ఎన్‌తో మొదలయ్యేది. ఆ జంటతో మొదలయ్యే మాటలు క్రమంగా భాషలోంచి పోయాయి. పాత రాతలో పొడుగాటి ఎస్ అచ్చం ఎఫ్‌లాగే కనిపించేది కూడా. దిక్కులేని తుమ్ము ముక్కుమాటల పంచన చేరింది.

ఇదంతా పండితుల ఊహ కాదా అనే అనుమానం న్యాయమైనదే. అమెరికాలో బెంజమిన్ బెర్గెన్ 2004లో దీన్ని పరీక్షకు పెట్టాడు. తెర మీద ఒక మాట క్షణకాలం చూపి, వెంటనే రెండోది చూపి, అది ఇంగ్లీషు మాటేనా అని అడిగాడు. గ్లిట్టర్ తర్వాత గ్లో వచ్చినప్పుడు జవాబు త్వరగా వచ్చింది. ఒక్క అర్థమే కలిసిన జంటలకు గాని, ఒక్క అక్షరాలే కలిసిన జంటలకు గాని అంత వేగం రాలేదు. రెండూ కలిసి ఉంటేనే మనసు అందుకుంటోందన్నమాట.

కారణాల్లో కొంత వంశవృక్షంలో ఉంది. మెరవడం అనే అర్థమున్న ఒక ప్రాచీన ఇండో యూరోపియన్ ధాతువు నుంచి గ్లీమ్, గ్లాస్, గోల్డ్, ఎల్లో పుట్టాయని భాషాశాస్త్రం చెబుతుంది. సంస్కృతంలోని హిరణ్యం, హరి కూడా ఆ తల్లి పిల్లలే. మరికొన్నిటికి రక్తసంబంధం లేదు, పొరుగు ప్రభావమే. అలాగని జీఎల్ మాటలన్నీ మెరవవు. చేతికి తొడిగే గ్లౌవ్, అతికించే గ్లూ, శరీరంలోని గ్లాండ్ ఏ వెలుగూ చిమ్మవు. సూత్రం అనుకుని పరీక్షలో ఊహించి రాస్తే మార్కులు పోతాయి.

తెలుగులో ఇది లేదా? ‘మి’, ‘మె’లతో మొదలయ్యే మాటలు వరసగా అనుకుని చూడండి. మిలమిల, మిసమిస, మిణుకు, మిణుగురు, మిరుమిట్లు, మెరుపు, మెరుగు. పక్కనే మిరియం, మిడత, మెడ ఏ మెరుపూ లేకుండా కూర్చుని ఉంటాయి.

ఇక మన సినిమా పత్రికలకు అన్నం పెట్టే గ్లామర్. దాని పుట్టుక వింటే నవ్వొస్తుంది. అది గ్రామర్ అనే మాటకు స్కాట్లాండ్‌లో వచ్చిన రూపాంతరం. చదువురాని జనానికి వ్యాకరణం చదివినవాడు మంత్రం తెలిసినవాడిలా కనిపించేవాడు. అందుకని ఆ మాటకు కనికట్టు అనే అర్థం వచ్చింది. పలకడంలో ఆర్ పోయి ఎల్ చేరింది. వాల్టర్ స్కాట్ రచనలతో అందరి నోళ్లలో పడింది. తర్వాత కనికట్టు కాస్తా కళ్లు చెదిరే అందమైంది, ఆ అందం హీరోయిన్ పోస్టర్ మీదికెక్కింది. బడిలో పిల్లల్ని హడలగొట్టే వ్యాకరణం మాత్రం పాత ఆర్‌తోనే ఉండిపోయింది.